నాలుగు వేళ్ళ వెలితి

ఫిషింగ్ హార్బర్లో సూరన్నకి గర్వం లేదని ఎవరూ అనరు. అంటే ఆయనే ఒప్పుకోడు. శ్రీరామ్మూర్తి గారి ఐసు ఫ్యాక్టరీలో ఇరవై నాలుగేళ్ళుగా ఆయనే పెద్ద మేస్త్రీ. కంప్రెసర్ గొట్టం మీద అరచెయ్యి ఆనించి, డాక్టరు నాడి చూసినట్టు కాసేపు కళ్ళు మూసుకుని, మెషీను ఎలా ఉందో చెప్పేస్తాడు. గోడకున్న మీటరు కూడా అదే చెబుతుంది. ఎప్పుడైనా చెప్పకపోతే మీటరు బాగుచేయించమంటాడు.

వేటకెళ్ళే ఇంట్లో పుట్టి ఈ ఫ్యాక్టరీలో పడ్డావేమిటని అడిగినవాళ్ళకి ఆయన జవాబు ఒకటే. "నాను సముద్రం మీదకెల్లకపోతే ఏటి? నా ఐసు నేకుండా ఏ బోటు ఎల్తాదో సూపించు." అందులో అతిశయం ఉందిగానీ అబద్ధం లేదు. ఇరవై ఆరు మరబోట్లు వాళ్ళ ఫ్యాక్టరీ ఐసు మీదే నడుస్తాయి. ఏటా ఏప్రిల్ మధ్యలో మొదలయ్యే వేట నిషేధం మే నెలాఖరుకి ముగుస్తుంది. జూన్ ఒకటిన తెల్లారేసరికి బోట్లన్నీ ఒక్కసారిగా బయల్దేరతాయి కాబట్టి, ముందురోజు అన్నిటికీ ఒక్కసారిగా ఐసు కావాలి. ఐసు చాలక ఒక్క బోటైనా గట్టున ఆగిపోయిన పాపం ఈ ఇరవై నాలుగేళ్ళలో సూరన్నకి అంటలేదు.

రెండువేల మూడు వేసవిలో ఆ పరువుకే ఎసరొచ్చింది. ఎండలు నిప్పులు చెరిగాయి. ఫ్యాక్టరీ బోరు ఎండిపోయింది. రోజుకి నాలుగొచ్చే నీళ్ళ ట్యాంకర్లు రెండయ్యాయి. మే నెల మొదటి వారంలో ఓనరు శ్రీరామ్మూర్తి గారు వన్ టౌన్ నుంచి స్కూటరు మీద వచ్చి, సూరన్నని ఆఫీసు గదిలోకి పిలిచారు.

"సూరన్నా, ఉన్న నీళ్ళకి ఈసారి పధ్నాలుగు బోట్లకి మించి ఐసు ఇవ్వలేం. మిగతా పన్నెండు బోట్లవాళ్ళకీ వేరే ఎక్కడైనా చూసుకోమని ఇప్పుడే చెప్పేస్తే మర్యాదగా ఉంటుంది."

సూరన్నకి చెంప మీద కొట్టినట్టయింది. "ఆ పన్నెండు బోట్లవోల్లూ రోజూ నా మొకం సూత్తారు బాబూ. ఆళ్ళకి ఏటి సెప్పమంటారు?"

"నీళ్ళు లేవని చెప్పు."

"అది నా నోట రాదు."

శ్రీరామ్మూర్తి గారికి ఈ మనిషి సంగతి తెలుసు. ఇరవయ్యో తారీకు దాకా ఆగుతానన్నారు. అప్పటికీ దారి దొరక్కపోతే తనే కబురు పెట్టేస్తానన్నారు. సూరన్న గుమ్మం దాటుతుంటే ఇంకో మాట కూడా చెప్పారు. "రేపటినుంచి ఒకమ్మాయి వస్తుంది. చేపలు కొనే కంపెనీవాళ్ళు పంపిస్తున్నారు. నీళ్ళు, కరెంటు, ఉప్పు వృథా కాకుండా పనిచెయ్యడం నేర్పుతుందట. పన్నెండు పాఠాలు. రోజూ పనిలోకి దిగేముందు పావుగంట. మీరంతా ఉండాలి."

*

వచ్చినమ్మాయి పేరు రోజారమణి. గజపతినగరం అవతల ఓ పల్లెలో వ్యవసాయం చేసుకునే కుటుంబం. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివి, నగరంలో ఉద్యోగం తెచ్చుకుంది. సిటీ బస్సు దిగి, చంకలో చుట్టిన చార్టుతో లోపలికొస్తున్న ఆ అమ్మాయిని చూసి దుర్గారావు ఇకిలించాడు. దుర్గారావు సూరన్న బావమరిది. క్రేను నడుపుతాడు, నోరు అంతకన్నా జోరుగా నడుపుతాడు.

"తాతకి దగ్గు నేర్పడానికొచ్చీసింది బావా."

"నవ్వకురా. పావుగంటే కదా, కూకుందుం," అన్నాడు సూరన్న. అన్నాడేగానీ, బల్ల మీద ఓ అంచున పిల్లనిచ్చినవాడిలా బిగుసుకుని కూర్చున్నాడు.

రోజారమణి చార్టు విప్పలేదు. మెషీను ఆపమంది. అందరినీ నోరు మెదపకుండా ఫ్యాక్టరీ అంతా తిరిగి, నీళ్ళ చప్పుడు ఎక్కడెక్కడ వినిపిస్తోందో వెతకమంది. అదే మొదటి పాఠం. మెషీను హోరు ఆగాక చూస్తే, ఫ్యాక్టరీలో ప్రతి మూలా ఏదో ఒకటి కారుతూనే ఉంది. ఏడు చోట్ల దొరికింది. అందులో అయిదు సూరన్నే పట్టాడు. పట్టినందుకు పొంగిపోయాడు, ఇన్నాళ్ళూ పట్టనందుకు మాత్రం ఎవరూ చూడకుండా నాలిక్కరుచుకున్నాడు.

రెండో రోజు రబ్బరు గొట్టాల సంగతి. ఐసు ఫ్యాక్టరీ నేల ఆరితే అరిష్టమని గొట్టం అలా వదిలేసి ఉంచడం వాళ్ళకి అలవాటు. మూడో రోజు ఐసు డబ్బాల మీద మూతల సంగతి. నాలుగో రోజు ఐసు గోడౌను తలుపు. రోజారమణి తన ఊళ్ళో రైసుమిల్లు నుంచి ఊక తెప్పించి, గోనె సంచుల్లో కుక్కి తలుపు సందులన్నీ మూయించింది. మర్నాడు గోడౌనులో ఐసు దిమ్మలు కరగడం కంటికి కనబడేంతగా తగ్గింది. "ఈ గుంటకి ఇసయం ఉందిరా," అన్నాడు సూరన్న ఆ అమ్మాయిని చూస్తూ, దుర్గారావుకి మాత్రమే వినబడేటట్టు.

అయిదో రోజు ఆ అమ్మాయి ఇంకో పని చేసింది. "ఇవాళ పాఠం నాది కాదు, బాబాయిది," అని సూరన్నని ముందుకి పిలిచింది. గొట్టం మీద చెయ్యి పెట్టి మెషీను జబ్బు కనిపెట్టడం ఎలాగో అందరికీ చెప్పమంది. సూరన్న ముందు సిగ్గుపడ్డాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. ఆ తర్వాత ఆయన్ని ఆపడం కష్టమైంది. రోజారమణి అంతా రాసుకుని, తన పన్నెండు పాఠాల్లో దాన్నీ చేర్చి, కింద సూరన్న పేరు రాసింది. ఆ సాయంత్రం ఆయన హార్బరు గట్టంతా ఓ చుట్టు తిరిగి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఆ సంగతి చెప్పి ఇంటికెళ్ళాడు.

అంతా సవ్యంగా సాగుతోంది అనుకుంటుండగా ఆరో పాఠం వచ్చింది.

*

ఐసు దిమ్మ తయారవడం పెద్ద విద్యేమీ కాదు. నిలువెత్తు రేకు డబ్బాలో మంచినీళ్ళు పోసి, ఉప్పునీళ్ళ తొట్టిలో దించుతారు. తొట్టిలో ఉప్పు బాగా ఉన్నంతకాలం ఆ నీళ్ళు ఎంత చల్లబడినా గడ్డకట్టవు. ఆ చల్లదనానికి డబ్బాలో నీళ్ళు గడ్డకడతాయి. గడ్డకట్టేటప్పుడు నీళ్ళు ఉబ్బుతాయి కాబట్టి, నిండా పోసిన డబ్బా అంచు దాటి పొంగుతుంది. ఆ ఫ్యాక్టరీలో దానికి 'పొంగు' అని పేరు. కొత్తింట్లో పాలు పొంగించినట్టు ప్రతి డబ్బానీ పొంగించాలన్నది సూరన్న పెట్టిన ఆచారం. దిమ్మ పొంగితేనే వేట పొంగుతుందని ఆయన నమ్మకం. కొత్తగా చేరినవాడెవడైనా డబ్బా కాస్త వెలితిగా నింపాడా, "మన జనం తినే కూటికి కొలత తగ్గిత్తావట్రా?" అని వాడి తాతముత్తాతల్ని లేపేవాడు.

రోజారమణి ఆరో రోజు పొద్దున చార్టు విప్పి, మెల్లగానే చెప్పింది. "ఇవాళ్టి నుంచి డబ్బా అంచుకి నాలుగు వేళ్ళు కింద దాకానే నీళ్ళు పొయ్యాలి బాబాయ్."

అందరూ సూరన్న వైపు చూశారు.

"వెలితిగానా?"

"అవును."

"నా సేత్తో వెలితి దిమ్మ పొయ్యను." ఆయన లేచి నిలబడ్డాడు. "సూడమ్మా, నువ్వు గొట్టాలు కట్టమన్నావ్, కట్టీసాం. ఊక కుక్కమన్నావ్, కుక్కీసాం. సముద్రం మీద పది దినాలుండీ మనిసికి ఐసంటే పేణం. ఆడికి తక్కువిచ్చి నీళ్ళు మిగుల్సుకోమంటావేటి? ఆ పన్నెండు బోట్లూ ఆపీసుకున్నా పరవానేదు, ఇది మాత్రం సెయ్యను."

రోజారమణి వాదించలేదు. "తక్కువివ్వమనడం లేదు బాబాయ్. ఒక్క వరసలో మీరు నిండుగా పొయ్యండి. పక్క వరసలో నేను చెప్పినట్టు దుర్గారావు బాబాయ్ పోస్తారు. ఎల్లుండి రెండూ తీసి చూద్దాం. మీ దిమ్మ పెద్దదైతే నేను ఈ చార్టు చుట్టుకుని వెళ్ళిపోతాను."

ఎవరికైనా అంతకంటే మంచి బేరం ఏముంటుంది? సూరన్న తన వరసని కసితీరా నింపాడు. పొంగి పొర్లేటట్టు నింపాడు.

రెండు రోజులయ్యాక దుర్గారావు క్రేను గొలుసు తగిలించి రెండు వరసలూ పైకి లేపాడు. డబ్బాల్ని మామూలు నీళ్ళలో ఒక్క ముంచు ముంచి వంచితే, దిమ్మలు బయటికి జారి పక్కపక్కనే నేల మీద ఆగాయి. సూరన్న మోకాళ్ళ మీద కూర్చుని, తువ్వాలు పరిచి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. రెండు దిమ్మలూ ఒకే పొడుగు. వెలితిగా పోసిన నీళ్ళు ఉబ్బి, సరిగ్గా అంచు దాకా వచ్చి ఆగాయి.

"మరి నాను పోసిన ఎక్కువ ఏటైపోయింది?" అన్నాడు, తనలో తనే అనుకుంటున్నట్టు.

రోజారమణి తొట్టిలోంచి చెంబుడు ఉప్పునీళ్ళు తీసి, అందులో ఉప్పు కొలిచే గాజు కాడ వేసింది. తేలవలసిన కాడ లోపలికి మునిగింది. "వారానికి ఎన్ని బస్తాల ఉప్పు వేస్తారు బాబాయ్?"

"ఆరు. తొట్టి ఉప్పు తినేత్తాది."

"తొట్టి తినదు. ఉప్పు ఎక్కడికీ పోదు. మీరు పొంగించిన మంచినీళ్ళు తొట్టిలో పడి, ఉప్పుని పలచన చేస్తున్నాయి. పలచబడిన నీళ్ళు తొట్టిని చల్లబరిచే గొట్టాల మీద గడ్డకట్టేస్తున్నాయి. అందుకే దిమ్మకి చల్లదనం అందక ఒకటిన్నర రోజు పడుతోంది. నిండిపోయిన తొట్టిలోంచి ఉప్పునీళ్ళు కాలవలోకి పోతున్నాయి. మళ్ళీ ఉప్పు వేస్తున్నారు."

సూరన్న ఆ గాజు కాడని తీసి, తుడిచి మళ్ళీ వేశాడు, మళ్ళీ మునిగింది. సముద్రం మీదున్న తనవాళ్ళకి పిడికెడు ఎక్కువ పెడుతున్నానని ఇరవై నాలుగేళ్ళు మీసం మెలేశాడు. ఆ పిడికెడూ ఒక్క రోజు కూడా వాళ్ళకి చేరలేదు. మంచినీళ్ళకి కరువొచ్చిన ఈ ఏడాది కూడా తొట్టిలో కలిపి కాలవపాలు చేశాడు. చెప్పులేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

*

సూరన్న భార్య చిట్టమ్మ పూర్ణా మార్కెట్లో ఎండుచేపలు అమ్మి వచ్చేసరికి మొగుడు పట్టపగలు మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కంచంలో వడ్డించుకున్నది వడ్డించుకున్నట్టే ఉంది. ఏమైందని నాలుగుసార్లు అడిగితే అయిదోసారికి జరిగింది చెప్పాడు.

చిట్టమ్మ అంతా విని, తట్ట దించి కూర్చుంది. "తప్పు తెలిసొచ్చిందనా నీ ఏడుపు, గుంట సెప్పిందనా?"

సూరన్న ఇటు తిరిగాడు. "రెండూనే."

"గుంట సెప్పకపోతే ఎవురు సెప్తారు? ఇరవై నాలుగేళ్ళ నుంచి నీ నోటికి జడిసి ఎవుడూ నోరెత్తనేదు గదా." ఆమె కంచం ఆయన ముందుకి తోసింది. "ఇంకా ఇరవయ్యో తారీకు రానేదు. ఆ పన్నెండు బోట్లకీ ఐసు కావాలా, నీ మూతి ముడుసుకోడం కావాలా?"

తిండి తిన్నాడు. మర్నాడు అందరికంటే ముందు ఫ్యాక్టరీకి వెళ్ళాడు. రోజారమణి వచ్చేసరికి తొట్టి గట్టు మీద కూర్చుని, వెదురు బద్ద ఒకటి చెక్కుతున్నాడు.

"నాలుగేల్లంటే ఎవుడేల్లమ్మా? దుర్గారావువి బెండకాయల్లాగుంటాయి, నావి అరిటికాయలు. కొలతకి ఓ బద్ద ఉండాల." తన వేళ్ళు ఆ బద్ద మీద ఆనించి గాటు పెట్టాడు. డబ్బాలో పెట్టి చూసి, రోజారమణి తల ఊపాక అలాంటివే ఇంకో ఆరు చెక్కాడు. ఆ రోజు నుంచి ఆ ఫ్యాక్టరీలో దానికి సూరన్న కొలత అని పేరొచ్చింది. గంగమ్మ పేరు చెప్పి రోజూ మొదటి డబ్బా ఒక్కటి పొంగిస్తానని అడిగితే, ఒక్కదానికి ఫర్వాలేదని రోజారమణి నవ్వింది.

పాఠాలు పన్నెండూ అయ్యాయి. తొట్టిలో ఉప్పు చిక్కబడింది. ఒకటిన్నర రోజు పట్టే దిమ్మ ఒక్క రోజు తిరక్కుండానే కడుతోంది. వారం రోజులు ఒక్క బస్తా ఉప్పు విప్పలేదు. ఇరవయ్యో తారీకున శ్రీరామ్మూర్తి గారు వచ్చి, గోడౌను తలుపు తీయించి చూశారు. నేల నుంచి కప్పు దాకా దిమ్మలు. ట్యాంకర్లు అవే రెండు.

"కబురు పెట్టను సూరన్నా," అన్నారు. "కానీ ఆ రోజున ఒక్క బోటు ఆగినా మాట నాకొస్తుంది."

"మాటొత్తే నాకొత్తాది బాబూ, మీకెందుకొత్తాది?" అన్నాడు సూరన్న. పాత గొంతు తిరిగొచ్చినందుకు దుర్గారావు ఈల వేశాడు.

*

మే ముప్పై ఒకటిన తెల్లవారకముందే బోట్లు జెట్టీకి చేరాయి. పసుపు కుంకుమలు పెట్టుకుని, వేపమండలు కట్టుకుని, పెళ్ళివారిలా వరసకట్టాయి. ఐసు నలిపే మెషీను గరగరమంటుంటే దిమ్మ మీద దిమ్మ జారుతూ వచ్చింది. ఒకటో బోటు, ఆరో బోటు, పదిహేనో బోటు. పధ్నాలుగు దాటినప్పుడు శ్రీరామ్మూర్తి గారు కుర్చీలోంచి లేచి వచ్చి నిలబడ్డారు. మధ్యాహ్నం మూడు దాటాక ఇరవై ఆరో బోటు కడుపు నిండింది. గోడౌనులో ఇంకా నూటికి పైగా దిమ్మలున్నాయి. సూరన్న ఆ తలుపు దగ్గర నిలబడి, కళ్ళు తుడుచుకోవడానికి తువ్వాలు కూడా అడ్డం పెట్టుకోలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు. ఇరవై నాలుగు నిండి ఇరవై అయిదో ఏడు కూడా ఒక్క బోటూ ఆగలేదు.

అప్పుడే గేటు దగ్గర సింహాద్రి కనిపించాడు. హార్బరు అవతలి గట్టున ఉన్న ఇంకో ఐసు ఫ్యాక్టరీకి అతను పెద్ద మేస్త్రీ. సూరన్నకి దూరపు చుట్టం, వరసకి బావమరిది. పదిహేనేళ్ళ కిందట ఎవరి ఐసు గట్టిదన్న మాట మీద మొదలైన తగువు, ఎదురుపడితే మొహం తిప్పుకునేదాకా వెళ్ళింది. ఇప్పుడు అతని వెనక నలుగురు బోటు యజమానులు, ఫ్యాక్టరీ మనుషులు పదిమంది ఉన్నారు.

సింహాద్రి నేల చూపులు చూస్తూ, "మా తొట్టి దెబ్బతినీసింది. నాలుగు బోట్లు ఆగిపోనాయి," అన్నాడు. వెనకున్న యజమానుల వైపు చెయ్యి చూపించాడు.

సూరన్నకి ఒక్క క్షణం హాయిగా అనిపించింది. అనిపించలేదని చెబితే అబద్ధమవుతుంది. ఆ తర్వాత ఆ నలుగురు యజమానుల మొహాలు చూశాడు. శ్రీరామ్మూర్తి గారి వైపు తిరిగాడు. ఆయన తలూపారు.

"తలుపు తియ్యరా దుర్గా. నాలుగు బోట్లకీ ఎక్కించు."

దుర్గారావు దగ్గరికొచ్చి చెవిలో గొణిగాడు. "ఐసు ఇచ్చీ బావా. ఇద్దె మాత్రం నేర్పకు. వచ్చే ఏడు కూడా ఇలాగే మన గేటు కాడికి రావాల."

దిమ్మలు బండి మీదకి ఎక్కుతుండగా సింహాద్రి అటూ ఇటూ చూసి, ఆఖరికి అడిగేశాడు. "మీకూ రెండు ట్యాంకర్లే గదా. ఎలాగ సేసారు?"

ఆ రోజు చూడ్డానికని వచ్చిన రోజారమణి, సంచిలోంచి ఆరో పాఠం చార్టు బయటికి తీసింది. సూరన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండమ్మా. ఈ పాఠం నాను సెప్పాల." వెదురు బద్ద చేతిలోకి తీసుకుని, ఆ పదిమంది ముందు నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. "ముందు నా తప్పు సెప్తాను. మీ తప్పులు తరవాత సూద్దుం. నాను ఇరవై నాలుగేళ్ళు డబ్బాలు పొంగించాను. మన జనానికి ఎక్కువ పెడతన్నాననుకున్నాను. సుక్క కూడా ఆళ్ళకి సేరనేదు, అంతా ఆ తొట్టిలో పోసీసాను. ఈ హార్బర్లో ఇంత పెద్ద తప్పు, ఇన్నేళ్ళు, ఇంత సక్కగా సేసినోడు నాను తప్ప ఇంకోడు నేడు."

దుర్గారావు పకపకా నవ్వాడు. ఒకరిద్దరు నవ్వబోయి, సింహాద్రి మొహం చూసి ఆగారు. సింహాద్రి నవ్వలేదు. అతని కళ్ళు సూరన్న చేతిలోని బద్ద మీద ఉన్నాయి. తన తొట్టి దగ్గర తను చేస్తున్నదేమిటో అతనికి ఒక్కొక్కటే తడుతున్నట్టుంది. తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి, ఆ తడి నేల మీదే చతికిలబడ్డాడు.

"నానూ పొంగిత్తాను," అన్నాడు. "సెప్పు బావా."

పదిహేనేళ్ళ తర్వాత ఆ నోటంట ఆ పిలుపు రావడం అదే మొదలు. సూరన్న కూడా అతని ఎదురుగా నేల మీద కూర్చుని, ఖాళీ డబ్బా ఒకటి దగ్గరికి లాక్కుని చెప్పడం మొదలుపెట్టాడు.